ఊరు విడిచే ముందు ఆరు నెలలు

ఊరు మారడం అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది లారీ. లారీ ఎవరిది, కిరాయి ఎంత, హమాలీలు ఎందరు కావాలి అని అడుగుతారు. అది రెండు రోజుల పని. మూడు తరాలుగా కాపురమున్న ఊరిని విడిచి దూరంగా మరోచోట స్థిరపడాలంటే అసలు పని అంతకు నెలల ముందే మొదలు కావాలి. ఆ నెలలు చేజారితే తరువాత ఎంత తిరిగినా, ఎంత ఖర్చు పెట్టినా కొన్ని పనులు కావు. ఈ వారం ఆ సంగతే పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఉన్న కుటుంబాలకు ఈ విషయం కడుపు మీదికి వచ్చిన విషయం. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. అంత ఎత్తున నీరు నిలిస్తే ఇల్లు వదలవలసిన కుటుంబాలు లక్షకు పైగా ఉన్నాయి. కుకునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాల ఊళ్లు అందులో ఉన్నాయి. నిర్వాసితులలో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. వారి మధ్యనే దుకాణం పెట్టుకుని, బట్టలు కుట్టుకుని, సంతలు తిరిగి బతుకుతున్న మన ఇళ్లు కూడా కొన్ని ఉన్నాయి. కొందరు ఇప్పటికే జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయి వంటి పునరావాస కాలనీలకు వెళ్లారు. కొందరు ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో ఉన్న చుట్టాల దగ్గరకు చేరారు. మిగిలినవారు ఎదురుచూస్తున్నారు.

ఆ ఎదురుచూడటంలోనే చిక్కు ఉంది. మొదటి దశలో 41.15 మీటర్ల మట్టం లోపలి ఊళ్లను ఖాళీ చేయించాలని, పైనున్న వాటిని తరువాత చూడాలని ప్రభుత్వం పని సాగిస్తోంది. దానితో పై ఊళ్లవారు "మాది రెండో దశ కదా, అప్పుడు చూద్దాంలే" అంటున్నారు. గోదావరికి దశలు తెలియవు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని పాఠకులకు తెలుసు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంత నీరు మన వయసువారు చూడలేదు. ఆ జులైలో చాలా ఇళ్లలో బియ్యం తడిసింది, పరుపులు తడిశాయి. అవి మళ్లీ వచ్చాయి. ట్రంకు పెట్టెలో అడుగున పెట్టిన కాగితాలు మాత్రం ముద్దయి అంటుకుపోయి తిరిగి రాలేదు.

మన చరిత్రలో అన్నింటికన్నా పెద్ద ప్రయాణం హిజ్రత్. క్రీస్తు శకం 622లో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మక్కా విడిచి మదీనా వెళ్లిన సంగతి పిల్లలకు కూడా తెలుసు. అది ఎంత ముందుచూపుతో జరిగిందో మాత్రం మనం అంతగా తలచుకోము. హజ్రత్ అబూబక్ర్ (రజి) రెండు ఒంటెలను నాలుగు నెలల పాటు ఆకు వేసి మేపి సిద్ధంగా ఉంచారు. వాటిలో ఒకదానిని ప్రవక్త వెల ఇచ్చే తీసుకున్నారు. దారి చూపడానికి కూలికి కుదిరిన అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ ముస్లిం కాడు. దారి బాగా తెలిసినవాడు, నమ్మదగినవాడు, అంతే చూశారు. మదీనా ఉత్తరాన ఉంటే ముందు దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్లి మూడు రాత్రులు ఆగారు. ఆహారం మూట హజ్రత్ అస్మా (రజి) కట్టి ఇచ్చారు. ప్రాణానికే ముప్పు ఉన్న ఆ రాత్రి కూడా హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచి వెళ్లారు. ఎందుకంటే ప్రజలు ప్రవక్త దగ్గర దాచుకున్న అమానతులు ఎవరివి వారికి అప్పగించాలి. ఆ అమానతులు పెట్టినవారిలో ఆయనను ఊరి నుంచి తరిమినవారు కూడా ఉన్నారు.

నాలుగు నెలలు ఒంటెలు మేపిన చోట మనం నాలుగు రోజుల ముందు లేస్తున్నాము. చట్టమైతే ఇంకా ముందు చూపింది. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం ప్రకారం సాగునీటి ప్రాజెక్టులలో భూమి మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి. అధికారులు ఆ గడువు పాటించారా లేదా అన్న వాదన వేరు. మన ఇంటి లెక్క మాత్రం ఆ ఆరు నెలలకు ముందే తేలి ఉండాలి.

లెక్కలో మొదటిది, ఇంట్లో కుటుంబాలు ఎన్ని అన్నది. నవ్వు వస్తుంది కాని ఇది చాలా పెద్ద ప్రశ్న. ఒకే పొయ్యి, ఒకే గడప, కాబట్టి ఒకే కుటుంబం అని మన పెద్దలు చెబుతారు. చట్టం అలా అనదు. వయసు వచ్చిన వ్యక్తి, మగవారైనా ఆడవారైనా, పెళ్లయినా కాకపోయినా, పునరావాసం లెక్కకు ఒక ప్రత్యేక కుటుంబం. వితంతువు, తలాఖ్ పొందిన స్త్రీ, భర్త వదిలేసిన స్త్రీ కూడా ప్రత్యేక కుటుంబాలే. 18 ఏళ్లు ఏ తేదీ నాటికి నిండాలన్న దాని మీద ముంపు గ్రామాలలో ఏళ్ల తరబడి వాదన నడుస్తోంది. అందుకే పుట్టిన తేదీ పత్రం లేని పిల్ల గాని పిల్లవాడు గాని ఇంట్లో ఉంటే ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి.

కుకునూరు వైపు ఒక ఇంట్లో జరిగింది చెబుతాము. భర్త వదిలేసి పన్నెండేళ్లుగా ఒక చెల్లెలు అన్న ఇంట్లో ఉంటోంది. మిషను కుట్టి తన కూతురిని చదివిస్తోంది. సర్వే చేసేవారు వచ్చినప్పుడు అన్న గడపలో నిలబడి తన పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు చెప్పాడు. చెల్లెలి పేరు చెప్పలేదు. దురుద్దేశం లేదు. "ఆమె మాతోనే కదా, వేరే చెప్పడమేమిటి" అనుకున్నాడు, అదే మర్యాద అనుకున్నాడు. జాబితా గోడకు అంటించినప్పుడు ఆమె పేరు లేదు. అభ్యంతరం రాసి ఇవ్వడానికి నికాహ్‌నామా కావాలి, భర్త వదిలేసినట్టు రుజువు కావాలి, ఆ ఊళ్లోనే ఉంటున్నట్టు కాగితం కావాలి. నికాహ్ జరిగింది మరో జిల్లాలో. ఖాజీ గారు కాలం చేశారు, రిజిస్టరు ఆయన కొడుకు దగ్గర ఉంది. ఆ నకలు తేవడానికి ఆమె మూడుసార్లు బస్సెక్కింది. నకలు దొరికింది, అర్జీ వెళ్లింది. మేము ఇది రాసే నాటికి దానికి జవాబు రాలేదు. అన్న ఇప్పుడు ఆమె ముఖం చూడలేకపోతున్నాడు.

కాబట్టి ఇంటి పెద్దలు మొహమాటం పక్కన పెట్టి ఒక తెల్ల కాగితం మీద ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరు, వయసు రాసుకోవాలి. అత్తగారు, ఆడపడుచు, మేనకోడలు, అందరూ. గ్రామసభకు ఆడవారిని కూడా తీసుకువెళ్లండి. పర్దా పేరు చెప్పి వారిని ఇంట్లో ఉంచి, వారి హఖ్‌ను కూడా ఇంట్లోనే ఉంచేయడం న్యాయం కాదు.

భూమి లేనివారు తమకు ఏమీ రాదని అనుకుంటున్నారు. అదీ సరికాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలోనే పని చేసుకుంటూ, ఆ బతుకుతెరువు పోతున్న కౌలుదారు, కూలి, చేతిపనివాడు కూడా బాధిత కుటుంబమే. ఆ చట్టంలో రాసిన కనీసపు మొత్తాలు ఇవి: సామాను, పశువులు తరలించడానికి 50 వేలు, స్థిరపడేందుకు మరో 50 వేలు, ఏడాది పాటు నెలకు 3 వేలు, చేతిపనివారికి, చిన్న వ్యాపారులకు 25 వేలకు తక్కువ కాకుండా, ఉద్యోగం లేదా 5 లక్షలు లేదా 20 ఏళ్ల పాటు నెలకు 2 వేలు. రాష్ట్రం ఇంతకన్నా ఎక్కువ ఇవ్వవచ్చు. సైకిలు షాపు, మాంసం దుకాణం, గాజుల మలారం ఏదైనా సరే, మూడేళ్ల కిందటి నుంచి ఉన్నట్టు చూపాలి. పంచాయతీ రసీదు, కరెంటు బిల్లు, సంత ఆశీలు చీటీ వంటివి ఇందుకు పనికివస్తాయి. ఆశీలు చీటీని బీడీ వెలిగించుకోవడానికి వాడే అలవాటు మానుకోవాలి.

ఇక పాత కాగితాలు. ఈ ప్రాంతం సంగతి విచిత్రం. గోదావరికి ఆ ఒడ్డున భద్రాచలం ఇంగ్లీషువారి మద్రాసు రాజ్యం; ఈ ఒడ్డున కుకునూరు, బూర్గంపాడు నిజాం రాజ్యం. భద్రాచలం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. కుకునూరులో ఎనభై దాటిన ముసలాయన నిజాం కాలపు వరంగల్ జిల్లాలో పుట్టి, 1953లో ఖమ్మం జిల్లావాడై, 2014లో పశ్చిమ గోదావరివాడై, 2022లో ఏలూరు జిల్లావాడయ్యాడు. మనిషి గడప దాటలేదు, ఇల్లు జిల్లాలు దాటింది. దాని ఫలితం ఏమిటంటే ఒకే ఇంటి కాగితాల మీద నాలుగు జిల్లాల ముద్రలు ఉంటాయి. చూసే గుమస్తాకు ఇవన్నీ ఒకే ఊరివని నమ్మకం కలగదు. ఊరి పేరు, మండలం, జిల్లా ఏ ఏడాది ఎలా మారాయో ఒక పుట రాసి, ఆ కాగితాల పైన జతచేసి ఇవ్వండి. చిన్న పని, చాలా తిరుగుడు తప్పిస్తుంది.

ఈ ఒడ్డున ఉన్న పాత పత్రాలు ఉర్దూలో ఉంటాయి. మా దగ్గరకు అలాంటివి చదివించుకోవడానికి వచ్చేవారు ఇటీవల పెరిగారు. చాలామందికి తేదీ దగ్గరే ఆగిపోతుంది. ఖుర్దాద్ 1355 ఫస్లీ అని ఉంటే అది హిజ్రీ అనుకుని కంగారు పడతారు. నిజాం సర్కారు ఫస్లీ సంవత్సరం అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది. ఆజుర్, దై, బహమన్ నెలలకు 590 కలపాలి. జనవరి ప్రాంతంలో వచ్చే ఇస్‌ఫందార్ నుంచి 591 కలపాలి. అంటే ఖుర్దాద్ 1355 మన 1946 ఏప్రిల్ ప్రాంతం. నికాహ్‌నామాలలో మాత్రం హిజ్రీ తేదీ ఉంటుంది, రెండింటినీ కలపకూడదు. ఉర్దూ చదవలేని అధికారి ముందు అసలు పత్రం పెట్టి నిలబడితే లాభం లేదు. ఎవరు చేసిన అనువాదాన్ని ఆ కార్యాలయం ఒప్పుకుంటుందో ముందే అడిగి, తెలుగు అనువాదం చేయించి, సంతకం, ముద్ర వేయించి ఉంచుకోవాలి. చదవగలిగినవారు ఊరికి ఒకరు కూడా లేని రోజు దగ్గరలోనే ఉందని మాకు అనిపిస్తుంది. మన పిల్లలకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, ఆ షికస్తా రాత చదవడం రాదు.

పిల్లల చదువు కాగితాలు వేరు. టీసీ ఒక్కటే తెస్తే చాలదు. ఏ తరగతి ఏ ఏడాది ఏ బడిలో చదివారో స్టడీ సర్టిఫికెట్లు అన్ని తరగతులకూ తీసుకోవాలి. రేపు కాలేజీ సీటుకో ఉద్యోగానికో స్థానికులా కాదా అన్నది వాటి మీదే తేలుతుంది. బడి కూడా ఊరితో పాటే కదిలిపోతుంది. రిజిస్టర్లు ఏ గదిలో మూటకట్టి పడేస్తారో తరువాత వెతకడం కష్టం. బీసీ-ఇ పత్రం ఉన్నవారు, రాష్ట్రం దాటి ఖమ్మం వైపు వెళ్లదలచుకుంటే, అక్కడ మళ్లీ తీసుకోవలసి వస్తుందేమో బయలుదేరకముందే కనుక్కోండి. మరో మాట. ఆధార్‌లో చిరునామా మార్చడానికి, ఓటు మార్చుకోవడానికి తొందరపడవద్దు. జాబితా ఖరారై, చేతికి డబ్బు వచ్చే దాకా మీరు ఆ ఊరివారే అని కాగితం మీద ఉండాలి.

ఇల్లు అమ్ముకుని పోదామనుకునేవారు కూడా ఉన్నారు. ఏజెన్సీలో అది అంత తేలిక కాదు. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, మనం 1/70 అంటాము, షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తి గిరిజనేతరులకు బదిలీ చేయడాన్ని చెల్లకుండా చేసింది. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. 1988లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టాన్ని నిలబెట్టింది. తెల్లకాగితం మీద అమ్మి డబ్బు పుచ్చుకుంటే, కొన్నవాడికి రేపు పరిహారంలో పేరు ఉండదు, వాడు మీ గడప ముందుకు వస్తాడు. మనవాళ్లు కొందరు ఆ చట్టాన్ని తిట్టడం విన్నాము. కోయవాడి భూమి తూనికకూ తాగుడుకూ పోకుండా కాపాడటానికి వచ్చిన చట్టం అది. మనం వారి మధ్య బతికాము, వారి కాయ, వారి పండు కొని అమ్ముకున్నాము. తెల్లకాగితంతో ఇల్లు కొన్న కుటుంబాలు కూడా నిరాశపడనక్కరలేదు; భూమి వెల సంగతి వేరు, వరుసగా మూడేళ్లు అక్కడే కాపురమున్నవారికి ఇంటి హక్కు సంగతి వేరు. ఈ రెండిటిని కలిపి అర్జీ రాయకండి.

సామాను విషయానికి వస్తే, మా సలహా వానాకాలానికి ముందే. జూన్ దాటితే వాగులు పొంగుతాయి, మట్టి రోడ్డు మీద లారీ దిగబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోత, ఆ రోజుల్లో లారీలు, కూలీలు ఇద్దరూ దొరకరు, దొరికినా రెట్టింపు అడుగుతారు. మార్చి మంచిది, లేదా బడి సెలవులు ఇచ్చిన మొదటి వారం. రైల్లో వచ్చే చుట్టాలకు ఒక మాట చెప్పి ఉంచండి: భద్రాచలం రోడ్ అనే స్టేషను భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది, మధ్య 40 కిలోమీటర్లు. సాయానికి వచ్చే తమ్ముడు అర్ధరాత్రి అక్కడ దిగి ఇల్లు వెతుక్కోవడం మేము ఎరుగుదుము.

పాత ఇంటి దూలాలు, ద్వారబంధాలు, తలుపులు టేకువైతే ఎవరూ వదిలిపోరు, వదలనవసరం కూడా లేదు. కాని అడవి ప్రాంతంలో టేకు కర్ర లారీ మీద కనబడితే చెక్‌పోస్టులో ఆపుతారు. ఇంటిదే అని నోటితో చెబితే నమ్మరు. ఇల్లు విప్పకముందే కర్ర ఇంట్లో ఉండగా ఫోటోలు తీసి, పంచాయతీ నుంచి కాగితం పుచ్చుకుని, అటవీ రేంజి ఆఫీసులో రవాణా అనుమతికి అర్జీ పెట్టాలి. కుకునూరు నుంచి అశ్వారావుపేట మీదుగా జంగారెడ్డిగూడెం వెళ్లే లారీ ఆంధ్రలో బయలుదేరి తెలంగాణలోకి వెళ్లి మళ్లీ ఆంధ్రలోకి వస్తుంది. అంటే అడిగేవారు రెండు రాష్ట్రాలవారు. కాగితం రెండు నకళ్లు ఉండాలి. అర్జీకి ఎన్ని రోజులు పడుతుందో ముందే అడిగి, దాన్నిబట్టి లారీ తేదీ పెట్టుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

అప్పుల సంగతి పైన హజ్రత్ అలీ (రజి) ప్రస్తావనలోనే వచ్చింది. కిరాణా ఖాతా, చీటీల బాకీ, ఎరువుల కొట్టు, డ్వాక్రా సంఘం అప్పు. సంఘం అప్పు ఒక్క ఆమెది కాదు. ఆమె వెళ్లిపోతే మిగిలిన తొమ్మిదిమంది కట్టాలి. వారిలో కోయ అక్కలు ఉంటారు, పొద్దున ఇప్పపువ్వు ఏరి సాయంత్రం వాయిదా కట్టేవారు. పరిహారం వచ్చాక ఇస్తామని మాట చెప్పి వెళ్లిపోయినవారిని వెతికి పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. ఇవ్వలేని స్థితి ఉంటే ఎంత, ఎప్పటిలోగా అన్నది రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి వెళ్లండి. మనకు రావలసినవి కూడా అలాగే అడగండి, అందులో సిగ్గు లేదు.

చివరగా ఖబరస్తాన్. పునరావాస కాలనీలో బడి, నీళ్లు, రేషను దుకాణంతో పాటు శ్మశానం గాని ఖబరస్తాన్ గాని, అక్కడికి వచ్చే వర్గాల పద్ధతిని బట్టి ఉండాలని, ప్రార్థనా స్థలం కూడా ఉండాలని అదే చట్టంలోని జాబితా చెబుతోంది. కాని వందల ఇళ్ల కాలనీలో ఆరేడు ముస్లిం ఇళ్లు ఉంటే ఎవరికీ గుర్తు రాదు. మనం అడిగితేనే వస్తుంది, కదలకముందు గ్రామసభలో రాతపూర్వకంగా అడిగితేనే వస్తుంది. కదిలిపోయాక మొదటి మయ్యత్ లేచినప్పుడు జనాజా గడపలో పెట్టుకుని స్థలం వెతకడం ఎంత దుఃఖమో చెప్పనక్కరలేదు. స్థలం వచ్చేలోగా ఏ ఊరి ఖబరస్తాన్‌లో చోటు ఇస్తారో, అక్కడి జమాఅత్ పెద్దలను ఇప్పుడే కలిసి మాట్లాడుకోండి. పాత ఊళ్లో వక్ఫ్‌గా నమోదైన మసీదు, ఖబరస్తాన్ ఉంటే వాటి పరిహారం వక్ఫ్‌దే, ఊరివారు పంచుకునేది కాదు. నమోదు అయిందో లేదో కాగితం చూడండి. మసీదులో ఉన్న పాత కితాబులు, జనాజా మంచం, జమ్‌ఖానాలు ఎవరి బాధ్యతన ఎక్కడికి వెళ్తాయో జాబితా రాయండి.

ముసలివారిని మాత్రం ఒక్కసారి ముందే తీసుకెళ్లి కొత్త చోటు చూపించాలి. లారీ ఎక్కించే రోజే చూపిస్తే వారు తట్టుకోలేరు. ఒక పూట అక్కడ కూర్చోబెట్టి, వుజూకు నీళ్లు ఎక్కడ, ఖిబ్లా ఎటు, మసీదు ఎంత దూరం, రాత్రి లేస్తే దీపం మీట ఎక్కడ అన్నది చూపండి. పాత కాగితాలలో ఏది దేనిదో చెప్పగలిగినది కూడా వారే కాబట్టి, ఆ పూట ట్రంకు పెట్టె తెరిచి ఒక్కొక్కటి చూపి అడిగి, వెనుక పెన్సిలుతో రాసి పెట్టుకోండి. ఉర్దూ కాగితాలు చదివించుకోవడానికి ఎవరి దగ్గరకు వెళ్లినా జిరాక్సు పట్టుకెళ్లండి, అసలుది ఇంట్లోనే ఉండనివ్వండి.